బావగారి పీపా

మా బావగారు పోయారని కొత్తపేట నుంచి ఫోనొచ్చింది. మా అక్క భర్త. ముప్పయ్యేళ్లు పై రాష్ట్రంలో ఒక విస్కీ ఫ్యాక్టరీలో పీపాల షెడ్డు చూసుకుని, రిటైరై ఊరొచ్చారు. చుక్క ముట్టని మనిషి. మూత తీసి వాసన చూసి, ఏ పీపా ఎన్నేళ్లదో చెప్పేవారు.

ఎవరడిగినా విసుక్కోకుండా వివరించేవారు. పోసేటప్పుడు విస్కీ నీళ్లలా తెల్లగా ఉంటుందట. పీపా లోపల కాల్చిన ఓక్ చెక్క. వేడికి సరుకు చెక్కలోకి దిగి, చల్లబడితే రంగూ తీపీ పట్టుకుని బయటికొస్తుంది. కొంత ఆవిరైపోతుంది. చలిదేశాల్లో పదేళ్లు పట్టే పని మన ఎండలకి మూడు నాలుగేళ్లలో అయిపోతుంది; చిన్న పీపా అయితే ఇంకా తొందర. "కల్లు పొద్దెక్కితే పులిసిపోద్దండి. ఇది గడువు దాటితే చేదెక్కిపోద్ది. ఆ పైన తాగేది చెక్కనే" అనేవారు.

వచ్చేటప్పుడు బిందెంత పీపా ఒకటి తెచ్చి, అందులో కొత్త సరుకు పోసి వెనక గదిలో పెట్టారు. అది నాకోసమే. "రెండేళ్లాగు బావమరిదీ, నీ చేతే తీయిస్తాను" అన్నారు. ఆయ్, అలాగేనండీ అన్నాను.

రెండేళ్లు నిండకుండానే మా అమ్మాయి పెళ్లి కుదిరింది. మీ బావగారేం చేసేవారని మగపెళ్లివారు అడిగితే, ఎరువుల కంపెనీలో అనేశాను. ఆయన నా వెనకే ఉన్నారు. వియ్యంకుడు వెంటనే కొబ్బరికి ఏ ఎరువు మంచిదని ఆయన్నే అడిగాడు. పాపం, నా పరువు పోకుండా ఆయన ఏదో చెప్పారు. భోజనం చేసి, నాతో మాట్లాడకుండా వెళ్లిపోయారు.

నేను వెళ్లి తప్పయిందనాలి. ఆరేళ్లు వెళ్లలేదు. సిగ్గనండి, పొగరనండి. ఇవాళ ఆయన మంచితనం గురించి ఇంత రాస్తున్న చేతికి అప్పుడు ఒక్క ఫోను చేయడం చేతకాలేదు.

పన్నెండో రోజు చుట్టాలు కదిలాక అక్క నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లింది. నెలకోసారి మూత తీసి వాసన చూసి, మళ్లీ బిగించేవారట. గడువు దాటుతోంది కదా, ఎవరికైనా ఇచ్చెయ్యండంటే వినలేదట.

"చేదెక్కిపోయిందని పోయినేడాదే చెప్పేరు తమ్ముడూ. మరి పారబోసెయ్యండీ అన్నాను. వాడు రానీవే అన్నారు."

పీపా వంచితే అరగ్లాసు వచ్చింది. నల్లగా, చిక్కగా ఉంది. నోట్లో పోసుకుంటే నాలుక పీక్కుపోయింది. అక్క చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలో నిలబడి, ఉమ్మెయ్యరా అంది.

మింగాను.