చాందినిని చరిచిన చెయ్యి

కొండాపూర్ దగ్గర పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పుతాను. మా పొట్టి గుర్రం చాందిని మా దగ్గరికి రాకముందు పెళ్లి ఊరేగింపుల్లో తిరిగేది. బ్యాండు మోతకు ఆడీ ఆడీ, ఒక్కచోట నిలబడటమే తెలియదు దానికి. ఎక్కడానికి ఎవరైనా రికాబులో కాలు పెట్టగానే కదిలిపోయేది. కదలకుండా ఉంటేనే బెల్లంముక్క పెడుతూ, వేసవంతా కష్టపడి నిలబడటం నేర్పాను.

ఒక ఆదివారం అనన్య అనే పాప రికాబులో కాలుపెట్టి పైకి లేస్తోంది. చాందిని బొమ్మలా నిలబడింది. అంతలో పాప తండ్రి వెనకనుంచి వచ్చాడు.

"ఏంది మేడం, గిట్ల నిలబెడితె స్వారీ ఎప్పుడు నేర్చుకుంటది? పెళ్లి గుర్రమే గద, జర ఒక్కటిస్తె ఉరుకుతది."

"ముట్టుకోకండి సార్" అంటూండగానే దాని పిర్ర మీద చెళ్లున చరిచాడు.

చాందిని దూకింది. కాలు రికాబులో ఇరుక్కుని పాప తలకిందులుగా వేలాడింది. నేను కళ్లానికి వేలాడి గుర్రాన్ని ఆపాను. అదృష్టం, పాప మోచెయ్యి గీరుకుపోయిందంతే.

ఆయన మాత్రం అందరి ముందూ నన్నే నిలదీశాడు. "ట్రైనింగ్ లేని గుర్రాన్ని పిల్లలకిస్తరా?"

చాందిని మళ్లీ కదలకుండా నిలబడటానికి వానాకాలమంతా పట్టింది. అనన్య ఇప్పటికీ వస్తోంది. ఆయన తనను చరిచిన అదే చేతిలోంచి చాందిని బెల్లం తింటోంది. దాని మనసు దానిది. నాకు మాత్రం ఆయన క్షమాపణ చెప్పాలి. చెప్పేదాకా ఆయన నమస్కారానికి నా నమస్కారం ఉండదు.