ఇంకో ఏడాది చూస్తారట

ముందు టీచింగ్ ఫెలోగా పనిచేస్తే తర్వాత లా ప్రొఫెసర్‌ను చేస్తామని ఇక్కడి యూనివర్సిటీ వాళ్లంటే దుబాయ్ వచ్చాను. రెండేళ్లయింది. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం ఒకే యజమాని ఒకే మనిషిని రెండోసారి ప్రొబేషన్‌లో పెట్టకూడదని ఈ రోజు పొద్దున పాఠం చెప్పి బయటికి రాగానే మా డీన్ గారు పిలిచారు. మన హైదరాబాదాయనే.

"ప్రొఫెసర్ పోస్టు ఖలాస్ అమ్మా, బయటి నుంచి ఒకాయన్ని తీసుకున్నం. నువ్వు ఇంకో ఏడాది ఫెలోగానే ఉండు, నీ పని ఎట్లుంటదో చూద్దాం."

"రెండేళ్లు చూడలేదా సార్?"

"చూసినం కాబట్టే ఉండమంటున్నం. ఆయనకు ఇక్కడి చట్టాలు కొత్త, జర నువ్వే నేర్పు."

ప్రొఫెసర్‌కు పాఠం చెప్పడానికి పనికొస్తాను గానీ ప్రొఫెసర్‌గా పనికిరానట. సరే, ఆయనకు మొదట ప్రొబేషన్ పాఠమే చెబుతాను. డీన్ గారిని కూడా ముందు బెంచీలో కూర్చోమననా, మీరే చెప్పండి.