అమ్మ అప్పజెప్పిన చరిత్ర పాఠం

పెద్దవాళ్ళు మందలిస్తుంటే ఎదురు మాట్లాడకూడదనీ, తప్పు మనది కాకపోయినా తల వంచుకుని నిలబడాలనీ మా ఇంట్లో నేర్పారు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నాన్నని చూసి నేర్చుకున్నాను. నాన్న కలకత్తా పక్కన లిలువాలో రైలు బోగీల వర్క్‌షాపులో ఫిట్టరు. దారిలో ఫోర్‌మన్ ఎదురైతే రోడ్డు పక్కకి జరిగి, చేతులు కట్టుకుని, ఆయన వెళ్ళిపోయేదాకా నిలబడేవాడు. నేను ఆయన పక్కన అలాగే నిలబడేదాన్ని.

పంతొమ్మిది వందల అరవైల్లో మాట ఇది. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు మా క్వార్టర్ల వరసలో ఏడెనిమిది ఉండేవి. అన్నీ క్రైస్తవ కుటుంబాలే. ఆదివారం యార్డు పక్కన ఒక రేకుల షెడ్డులో తెలుగులో ప్రార్థన జరిగేది. పిల్లలం వరసగా నిలబడి బైబిలు వాక్యాలు అప్పజెప్పేవాళ్ళం. ఒక్క అక్షరం తప్పు పోకుండా చెప్పినవాళ్ళకి పాస్టరు అయ్యగారు రంగుల బొమ్మ కార్డు ఇచ్చేవారు. నా దగ్గర ఆ కార్డులు ఒక డబ్బా నిండా ఉండేవి. చదువంటే అదేననుకున్నాను. పుస్తకంలో ఉన్నదాన్ని ఒలికిపోకుండా నోట్లోకి తెచ్చుకోవడం, అడిగినప్పుడు ఒలికిపోకుండా బయట పెట్టడం.

దగ్గర్లో తెలుగు బడి లేదు. రైలు గేటు అవతల ఉన్న బెంగాలీ ఆడపిల్లల బడిలో వేశారు. అక్కడి పిల్లల్ని చూసి మొదట్లో భయపడ్డాను. టీచరు ఏదైనా చెప్పగానే ‘కేనో?’ అనేవారు. ఎందుకు అని అర్థం. టీచరు మొహంలోకి సూటిగా చూసి అనేవారు. ఒకమ్మాయి వాళ్ళ నాన్నతో ఇంటి అరుగు మీద కూర్చుని ఏదో విషయం మీద గట్టిగా వాదించడం నా కళ్ళతో చూశాను. ఆయన కోప్పడకపోగా నవ్వుతున్నాడు. వీళ్ళని ఇళ్ళలో ఎవరూ సరిగ్గా పెంచలేదు కాబోలని జాలిపడేదాన్ని. వాళ్ళు నా గురించి ఏమనుకున్నారో తర్వాత తెలిసింది. ఏమన్నా తల వంచుకుని ఊరుకుంటానని, నాకు చెవుడని అనుకున్నారట.

ఆరో తరగతిలో చరిత్ర చెప్పిన దిదిమణి అప్పటికి కొత్త. అక్కడ ఆడ టీచర్లందరినీ దిదిమణి అనే పిలిచేవాళ్ళం. సన్నగా, నల్ల ఫ్రేము కళ్ళద్దాలతో, ఎండాకాలమైనా వానాకాలమైనా చేతిలో గొడుగుతో ఉండేది. హుగ్లీ నది అవతల నుంచి ఫెర్రీ పడవలో హౌరాకి వచ్చి, అక్కడ లోకల్ రైలెక్కి వచ్చేది. చెడ్డ మనిషి కాదు. అది ముందే చెప్పాలి.

అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్దిన రోజున ఆవిడ నన్ను బల్ల దగ్గరికి పిలిచింది. నా పేపరూ, చరిత్ర పుస్తకమూ పక్కపక్కన తెరిచి ఉన్నాయి. కళింగ యుద్ధం గురించి నేను రాసిన పేజీన్నర జవాబులో కామాలతో సహా పుస్తకంలో ఉన్నదే ఉంది.

“పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాశావా?” అంది.

నేను నా పాదాల వైపు చూశాను.

“నా మొహం చూసి చెప్పు.”

పెద్దావిడ కోపంగా ఉన్నప్పుడు మొహంలోకి ఎలా చూస్తాను? తల ఇంకా వంచుకున్నాను.

“రాయకపోతే రాయలేదని చెప్పొచ్చుగా! చెప్పడం లేదంటే నిజమేనన్నమాట.”

గొంతు దాకా వచ్చింది, లేదు దిదిమణీ అని. ఆ మాట అంటే ఆవిడ చెప్పింది తప్పని అన్నట్టే. ఆవిడ ఎర్ర పెన్సిలుతో ఆ జవాబు మీద అడ్డంగా గీత గీసి, నాన్నకి చీటీ రాసి ఇచ్చింది.

శనివారం వర్క్‌షాపు మధ్యాహ్నానికే మూసేస్తారు. నాన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. దిదిమణి కుర్చీ చూపించినా కూర్చోలేదు. చెప్పిందంతా విని, తనకొచ్చిన బెంగాలీలో, “మీరు చెప్పారంటే అలాగే జరిగుంటుంది. క్షమించండి. బుద్ధి చెబుతాను,” అన్నాడు. నా వైపు తిరిగి ఒక్కసారి కూడా అడగలేదు, నువ్వు చేశావా అని.

ఎర్ర గీత కంటే నాకు అదే ఎక్కువ నొప్పెట్టింది. కాని ఆ రోజున నాన్నని తప్పు పట్టడం కూడా నాకు తెలియదు.

ఇంటికొచ్చి నాన్న విషయం చెప్పేసరికి అమ్మ బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని చేపలు కడుగుతోంది. అమ్మకి ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. బజారులో కూరలకి సరిపడా బెంగాలీ వచ్చు.

“కాపీయా? ఏటి కాపీ?” అంది. “రోజూ సాయంత్రం నా పక్కన కూకుని సదివిన పాఠమే గదా అది!”

“మరి టీచరమ్మ అబద్దమాడతాదేటి?” అన్నాడు నాన్న.

“అబద్దమని నానన్నానా? ఆవిడికి తెల్దు. తెల్నోళ్ళకి సెప్పాల.”

సోమవారం పొద్దున్న అమ్మ ఆదివారం కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. అంతవరకూ ఆవిడ రైలు గేటు దాటి అవతలికి వెళ్ళింది లేదు. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకుంది, నన్ను నడిపించడానికి కాదు, తనకి భయమేసి. బడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. టీచర్ల గదిలో దిదిమణి ముందు నిలబడి, దారంతా కూడబలుక్కున్న మాట అంది. “ఆమార్ మెయే చోర్ నా.” నా కూతురు దొంగ కాదు.

దిదిమణి ఏదో అనబోయింది. అమ్మ ఆగలేదు. కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని, ఆదివారం షెడ్డులో మేం వాక్యం చెప్పినట్టుగా మొదలుపెట్టింది.

“కలింగ జుద్దేరు పరే సమ్రాటేరు మనే గబీరు అనుతాపు జాగిలో...”

కళింగ యుద్ధం తర్వాత చక్రవర్తి మనసులో గాఢమైన పశ్చాత్తాపం కలిగింది అని ఆ వాక్యం. అది నా పాఠం. నెల రోజులపాటు ప్రతి సాయంత్రం పొయ్యి పక్కన నేను గట్టిగా వల్లె వేస్తుంటే విని విని అమ్మకి వచ్చేసింది. ఒక్క మాటకీ అర్థం తెలియదు. బెంగాలీ మాటలన్నిటికీ చివర మా ఊరి ఉకారం తగిలించి, ఎక్కడ ఊపిరి పీల్చాలో నేను పీల్చిన చోటే పీల్చుకుంటూ, పేరా మొత్తం చెప్పేసింది. గదిలో ఉన్న తక్కిన టీచర్లు పని ఆపి చూస్తున్నారు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇప్పుడు తలుచుకుంటే నా సిగ్గుకి సిగ్గేస్తుంది.

దిదిమణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. లేచి, తన కుర్చీలో అమ్మని కూర్చోబెట్టింది. తర్వాత నా ఎదుటికి వచ్చి, “తప్పు నాది. నువ్వు కాపీ కొట్టలేదు,” అంది.

ఒక పెద్ద మనిషి ఒక పిల్లతో ఆ మాట అనడం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కిందకే చూశాను.

“సరే, ఇప్పుడు చెప్పు,” అంది నెమ్మదిగా. “చక్రవర్తి ఎందుకు బాధపడ్డాడు? పుస్తకంలోది వద్దు. నీ మాటల్లో చెప్పు.”

నా మాటలు! వెతికాను. ఒక్కటీ లేదు. పుస్తకంలో వాక్యాలు బారులు తీరి కనబడుతున్నాయి, వాటి వెనక ఏముందో కనబడ్డం లేదు. “సెప్పవేటే?” అంది అమ్మ కుర్చీలోంచి. నాకు ఏడుపొచ్చింది. ఆ పాఠం అమ్మకి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు.

దిదిమణి కోప్పడలేదు. అమ్మకి అర్థమయ్యేలా తేలిక బెంగాలీలో చెప్పింది. “ఇక మీదట ఇంట్లో అప్పజెప్పించకండి. పాఠాన్ని మీ భాషలో మీకు కథలా చెప్పమనండి. మీకు అర్థం కాకపోతే అడగండి.”

అమ్మ ఆ మాటని అయ్యగారి మాటలాగా తీసుకుంది. ఆ సాయంత్రం నుంచే పొయ్యి దగ్గర నా పాట్లు మొదలయ్యాయి. తెలుగులో చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి. సగం మాటలకి పక్కింటి బెంగాలీ పిన్నిని అడిగొచ్చేదాన్ని. ఎంత చెప్పినా అమ్మకి చాలేది కాదు.

“కలింగమంటే ఎక్కడే?”

“ఒరిస్సా. ఇంకా కింద మనూరి వైపు కూడానట.”

అమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. “మన ఏపే? మనోళ్ళ మీదకా వచ్చినాడు?”

అప్పటి నుంచి అది అమ్మకి చరిత్ర కాదు, ఊళ్ళో జరిగిన గొడవ. ఎంతమంది పోయారు, పోయినవాళ్ళ పెళ్ళాం పిల్లల్ని ఎవరు చూశారు అని అడిగింది. చివరికి ఒక మాట అంది.

“బాదపడ్డాడు, మంచిదే. మరి గెలుసుకున్న ఊళ్ళు తిరిగిచ్చీసినాడా?”

పుస్తకంలో లేదు. రెండుసార్లు వెతికాను. మర్నాడు చరిత్ర పీరియడులో నిలబడ్డాను. దిదిమణి మొహం చూడలేక నల్లబల్ల వైపు చూస్తూ అడిగాను. “దిదిమణీ, అంత బాధపడ్డాక ఆ రాజ్యాన్ని తిరిగి ఇచ్చేశాడా?”

క్లాసంతా నా వైపు తిరిగింది. నా గొంతు చాలామంది వినడం అదే మొదలు. దిదిమణి సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

“లేదు. ఇవ్వలేదు,” అంది. “ఎందుకివ్వలేదో చెప్పండి చూద్దాం.”

గంట కొట్టేదాకా పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు. నేను మళ్ళీ మాట్లాడలేదు గాని, లోపల ఏదో కిటికీ తెరుచుకున్నట్టు ఉంది.

ఆ ఉత్సాహం బళ్ళోనే ఆగలేదు. ఒక ఆదివారం అయ్యగారు జలప్రళయం కథ చెబుతుంటే లేచి, “ఓడ ఎక్కని ఇళ్ళల్లో చంటిపిల్లలేం తప్పు చేశారండీ?” అని అడిగాను. అయ్యగారు తర్వాతి పాట ఎత్తుకున్నారు. ప్రార్థన అయ్యాక నాన్నతో, “పిల్ల ఆ బళ్ళో పడి పాడైపోతోంది, చూసుకో,” అన్నారు.

ఇంటి గుమ్మంలో కాలు పెడుతూనే నాన్న, “రేపట్నించి బడీ లేదు, గిడీ లేదు. ఎందుకలగడిగినావు?” అన్నాడు.

మా ఇంట్లో అది ప్రశ్న కాదు. తిట్టు. దానికి జవాబు ఉండదు. అమ్మ కూడా అయ్యగారి మాటకి అడ్డం వెళ్ళలేక గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నేను తల వంచుకునే ఉన్నాను, కాని నోరు తెరిచాను.

“తెలీక అడిగాను నాన్నా. తెలిస్తే అడగను కదా.”

చెయ్యి లేస్తుందనుకున్నాను. లేవలేదు. నాన్న మంచం మీద కూర్చుని చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు. గ్రీజు మరకలు ఆదివారం కూడా పోని చేతులవి. ఆఖరికి అన్నాడు. “నాకూ తెల్దే. చిన్నపుడు నాకూ అనిపించినాది. అడగనేదు.” నా వైపు చూసి, “అడుగు గానీ, పెద్దోళ్ళని నిమ్మలంగా అడగాల. నలుగురిలోన కాదు,” అన్నాడు. బడి మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత హౌరా దగ్గరే ఉన్న సంత్రాగాఛిలో నేనే టీచరుగా చేసిన ఏళ్ళన్నిటిలోనూ, తల వంచుకుని నిలబడ్డ పిల్లని మొండిదనో, తప్పు చేసిందనో అనుకోవడానికి ముందు కాస్త ఆగేదాన్ని. ఆ పిల్ల ఇల్లు కూడా పిల్లతోపాటు వచ్చి నా ముందు నిలబడిందని నాకు తెలుసు. ఆ ఇంటిని బయటికి పొమ్మంటే పిల్ల కూడా పోతుంది. నాలో నాన్న నేర్పిందీ ఉంది, దిదిమణి నేర్పిందీ ఉంది. ఈ రోజుకీ ఎవరితోనైనా విభేదించాలంటే ముందు నా చూపు నేల మీదకే పోతుంది, తర్వాతే మాట వస్తుంది.

ఆ ఏడాది చివరి పరీక్షల్లో చరిత్రలో మార్కులు తగ్గాయి. నా మాటల్లో రాస్తే బెంగాలీ తప్పులు బోలెడు దొర్లాయి. పేపరు ఇంటికి తెచ్చి భయపడుతూ నాన్న చేతికిచ్చాను.

“తగ్గిపోనాయేటి?” అన్నాడు.

“ఏ పెశ్నకి తగ్గినాయో అడుగు,” అంది అమ్మ.

ముగ్గురం గుమ్మంలో చాప మీద కూర్చున్నాం. ఒక్కో జవాబూ తెలుగు చేసి చదివాను. మూడో జవాబు సగంలో ఉండగా అమ్మ చెయ్యెత్తి ఆపింది. “ఇది తప్పే. ఆ రాజు ముందు ఆ ఊరెల్నేదు, తరవాత ఎల్లినాడు. నువ్వే నాకలగ సెప్పినావు.” పేపరు తిప్పి చూశాను. సరిగ్గా అక్కడే దిదిమణి చుట్టిన ఎర్ర సున్నా ఉంది. నాన్న పకపకా నవ్వి, “అయితే పరీచ్చ మీ అమ్మ రాయాల్సింది,” అన్నాడు.