వెల్లుల్లి వాసన

ముసలాయన పేటెంటు దరఖాస్తులో మోతాదు అంకెను కొట్టేసి తక్కువ అంకె వేస్తున్నాడు. పాత రేడియోల్లో సెలీనియం పలకలు మారుస్తూ ఆ పదార్థం మీద మనసుపడి, దాంతో మందులు చేయడం సొంతంగా నేర్చుకున్నాడు. రెండు పేటెంట్లు వచ్చాయి, ఇది మూడోది.

పక్కన భార్య తలకు గుడ్డ చుట్టుకుని కూర్చుంది. మొన్న ఆమె చెల్లెలు వచ్చి, "ఏంటక్కా, వెల్లుల్లి బుట్టలో పడుకున్నావా?" అంది. ఇంట్లో వెల్లుల్లే లేదు. సెలీనియం ఎక్కువైతే ఊపిరికి పట్టే వాసన అది. రోజూ అందులోనే మెలిగే ఆయన ముక్కు దాన్ని ఎప్పుడో మరిచిపోయింది.

"ఎన్ని మాత్రలు వేసుకున్నావే?" అని ఆ రోజే భార్యను అడిగాడు.

"మీరు రాసినన్నే. మీ మందు నేనే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?"

అప్పటికే దువ్వెన నిండా జుట్టు.

దరఖాస్తు తీసుకెళ్ళడానికి వచ్చిన వకీలు గుమ్మంలోంచి తొందరపెట్టాడు. "అంకె తగ్గిస్తే మీ హక్కు చిక్కిపోతుంది పెద్దాయనా."

"చిక్కనీ. చిక్కాల్సింది ఆవిడ జడ కాదు."

"జుట్టు మళ్ళీ వస్తుందిలెండి," అంది భార్య. "ముందు ఆ మొహం సరిచేసుకోండి."

ఆయన కలం మళ్ళీ సిరాలో ముంచాడు. ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తే మందు వెంటనే ఆపాలని కింద ఇంకో వాక్యం రాసి, సిరా ఆరాక కాగితాలు వకీలు చేతికిచ్చాడు.