ఐదో పిట్ట

మొన్న నా మనవరాలు తన కాలేజీలో ప్రదర్శన పెట్టారని నన్ను కూడా లాక్కుపోయింది. అది చదివేది డిజైను. అంటే ఏమిటే అని అడిగితే, రోజూ వాడే వస్తువును బుద్ధి పెట్టి చెయ్యడం నానమ్మా అంటుంది. దానికి నాలుగేళ్ళు చదవాలట. పెద్ద హాలు, చల్లటి గాలి, గోడ పొడుగునా చెక్క పిట్టలు. అటొకరూ ఇటొకరూ నిలబడి చెరో పిడి తిప్పితే పిట్టలు వరుసగా తల వంచి ముక్కుతో పొడుస్తాయి. ఇద్దరి చేతులూ కలవకపోతే తికమకపడి ఆగిపోతాయి. నెరిసిన జుట్టు వాళ్ళు కూడా పిల్లల్లా ఎగబడి తిప్పుతున్నారు. పక్కన ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు, ‘దయచేసి ముట్టుకోండి’ అని. అది చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బాగుంది కదా నానమ్మా అని మనవరాలంటే, బాగుంటే నాకేమని విసురుగా బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. అది బిక్కమొహం వేసుకుని నీళ్ళ సీసా తెచ్చిచ్చింది. పాపం, దాని తప్పేం లేదు.

అట్లాంటి పిట్టల్ని నేను అరవై ఏళ్ళ కిందటే చూశాను. వాటిని చేసింది మా ఆడబిడ్డ, అంటే మా ఇంటాయనకు అక్క. ఆమెను తలుచుకుని కళ్ళు తుడుచుకుంటానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అంత గయ్యాళి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. రెండో యుద్ధం నడుస్తూ కిరసనాయిలు దొరకని రోజుల్లో, పదహారేళ్ళ పిల్లనై వనపర్తి నుంచి మానవపాడు పక్క ఊరికి కాపురానికి వచ్చాను. వడ్లవాళ్ళ ఇల్లు, వడ్రంగం కులవృత్తి. మా ఇంటాయన రైతులకు నాగళ్ళూ గుంటకలూ బండి కాడులూ చేసేవాడు. ఆడబిడ్డకు పదమూడో ఏట మొగుడు పోతే తిరిగి పుట్టింటికి వచ్చిందట. నేను వచ్చేసరికి ముప్పై దాటిన మనిషి, వంటిల్లు ఆమె రాజ్యం. నా రొట్టె మందమని ఆవుకు వేసేది. పుంటికూరలో నేను వేసిన ఉప్పును ఊరందరికీ చెప్పేది. నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. “ఓ వనపర్తి దొరసానీ” అనేది, అదీ వాకిట్లో నలుగురు ఉన్నప్పుడు చూసి మరీ.

ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమాడినట్టవుతుంది. ఆమె చేతిలో ఏదో ఉండేది. పాలకుండ మీద ఒక మూత చేసింది, పిల్లి మూతి పెడితే చాలు గిలక గలగలమనేది. వాకిలి గొళ్ళేనికి దారం కట్టి వంటింట్లో ఒక చెక్క చెయ్యి వేలాడదీసింది. బయట ఎవరైనా గొళ్ళెం లేపితే లోపల ఆ చెయ్యి ఊగేది. ఒక్క ఊపు ఊగితే తమ్ముడు, గజగజ ఊగితే పక్కింటి సాయబుల పెద్దమ్మ అని పొయ్యి ముందు నుంచి లేవకుండానే చెప్పేది. ఊరి పిల్లలు ఆ చేతిని ఊపడానికే పొద్దంతా మా గొళ్ళెం లేపి పారిపోయేవాళ్ళు. ఆమె తిట్లు వీధి చివరిదాకా వినబడేవి, కానీ దారం మాత్రం తెంపేది కాదు.

వడ్లవాళ్ళ ఇళ్ళలో ఒక కట్టడి ఉండేది. ఉలి, బాడిశ, రంపం ఉండే పనిపాకలో ఆడవాళ్ళు ఊడ్వచ్చు, దీపం పెట్టొచ్చు, పనిముట్టును మాత్రం వేలితో కూడా ముట్టకూడదు. ముట్టుకుంటే మైల, చేసిన పని నిలవదు. ఆమె ఆ కట్టడిని అక్షరం తప్పకుండా పాటించింది, నాకు తెలుసు. పాటిస్తూనే మగవాళ్ళందరి ముక్కుకు తాడు వేసింది. “ఉలి ముట్టొద్దన్నరు గని కత్తిపీట ముట్టొద్దని ఎవరన్నరు?” అనేది. కూర తరిగే కత్తిపీట మీద కూర్చుని, బూరుగు చెక్కను రెండు చేతులతో కత్తికి ఆనించి తిప్పుతూ చెక్కేది. కత్తి కదలదు కదా, కర్రే కదలాలి. చిల్లు కావాలంటే మేకును పొయ్యిలో ఎర్రగా కాల్చి గుచ్చేది. వంటింట్లో ఎప్పుడూ ఒకపక్క జొన్నరొట్టె వాసన, ఒకపక్క కాలిన కర్ర వాసన.

ఇక ఆ పిట్టల సంగతి. తెల్లవారుజామున ఇద్దరం ఇసుర్రాయికి అటూ ఇటూ కూర్చుని ఒకే పిడి పట్టుకుని జొన్నలు విసిరేవాళ్ళం. మాటల్లేవు. ఆమెకు నా మొహం చూడటం ఇష్టం లేదు, నాకు ఆమెది చూడటం ఇష్టం లేదు. నేను పిడి మీద చెయ్యి ఊరికే ఆనించి, లాగినట్టు నటిస్తూ ఆమె మీదే బరువంతా వదిలేదాన్ని. వదిలేదాన్నే, ఎందుకు దాచాలి. “నువ్వు గుంజుతలేవు, నాకెర్కే” అంది ఒకరోజు. గుంజుతున్నానని దబాయించాను. “సరె తియ్, పిట్టలే చెప్తయి” అంది. వారం తిరక్కుండా పై రాయి చుట్టూ ఒక చెక్క కట్టు బిగించింది. దాని మీద అక్కడక్కడా రేగ్గాయంత బుడిపెలు. మేం కూర్చునే వైపులు వదిలేసి, మిగిలిన రెండు వైపులా రెండేసి గుంజలు పాతి, ఒక్కోదాని మీద ఒక్కో చెక్క చిలుకను నిలబెట్టింది. చిలుక తోక ఆ కట్టుకు ఆనుతుంది. రాయి తిరుగుతుంటే బుడిపె తోకను లేపుతుంది, ముక్కు వంగి కింది చెక్కను టక్కుమని పొడుస్తుంది. ఇద్దరూ సమంగా లాగితే టక్, టక్, టక్, టక్ అని నాలుగూ వరుసగా పొడుస్తాయి. ఒకరు చెయ్యి వదిలితే రాయి తడబడి రెండు ఒకేసారి పొడుస్తాయి, ఒకటి ఊరుకుంటుంది. నన్ను పట్టివ్వడానికే ఆ మహాతల్లి నాలుగు చిలుకల్ని పుట్టించింది.

ఆ సంగతి ఊరికి తెలిసింది. ఇంట్లో ఇసుర్రాళ్ళున్న ఆడవాళ్ళు కూడా చేటల్లో జొన్నలు పోసుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. జతలు మార్చుకునేవాళ్ళు, ఏ జత చిలుకల్ని ఆపకుండా ఎక్కువసేపు పొడిపిస్తుందో చూసుకునేవాళ్ళు. సాయబుల పెద్దమ్మ కోడలితో కూర్చుని, “జర సీదా గుంజు బేటీ, చిలుక నన్ను జూసి నవ్వుతున్నది” అంటే ఇల్లంతా గొల్లుమనేది. పిండి పని ఆటయింది. అందరూ మా ఆడబిడ్డను పొగిడేవాళ్ళే. ఆమె మాత్రం నా వైపు తిరిగి, “మా దొరసానికి రొట్టె చేసుడే రాదు, పిట్టేడ వస్తది” అనేది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, కుళ్ళిపోయాను.

ఆ కుళ్ళుతోనే నేను చెయ్యకూడని పని చేశాను. మా ఇంటాయన రాయచూరు సంతకు పోయిన రోజు, ఆడబిడ్డ చేను దిక్కు పోయిందని చూసి, పనిపాకలోకి పోయి ఉలి తీసుకున్నాను. ఐదో పిట్టను చేసి, నా వైపు నిలబెట్టి, అందరి ముందూ ఆమె నోరు మూయించాలని. ఏ కర్ర మెత్తనో ఏ కర్ర గట్టో కూడా తెలియని దాన్ని. కాడికి పోగా మిగిలిన తుమ్మ ముక్క చేతికందితే దాని మీదే పెట్టి కొట్టాను. పొద్దు వాలేదాకా తంటాలు పడితే ఉలి మొన విరిగింది, పిట్ట మాత్రం రాలేదు. వచ్చిందానికి మూతి ఉంది, తోక ఉంది, మెడ లేదు. ఉలిని మళ్ళీ ఉన్నచోటే పెట్టి, పిట్టను జొన్నల గుమ్మిలో అడుగున దాచాను. మర్నాడు జొన్నలు తీస్తూ ఆడబిడ్డ చేతికే అది తగిలింది. వెలుగులోకి పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఉలి దెబ్బకూ కత్తిపీట కోతకూ తేడా తెలియని మనిషి కాదు. “ఇది పిట్టనా, ఎలుకనా?” అని గుమ్మిని అడిగినట్టు అడిగి, దాన్ని మళ్ళీ జొన్నల్లోనే పడేసి పోయింది.

మూడో రోజున ఒక రైతు ఏడుస్తూ మా వాకిట్లోకి వచ్చాడు. మా ఇంటాయన చేసిచ్చిన కొత్త కాడి వాగు దిగుతుంటే విరిగి, ఎద్దు కాలు విరిగింది. మెట్ట పొలాల రైతుకు ఎద్దు కాలు విరగడమంటే ఏమిటో మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ కాడి ఎందుకు విరిగిందో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. పంటకాలం తోసుకొస్తోందని పచ్చి కర్రతో చేసిచ్చాడు. ఆ మాట ఒప్పుకుంటే పని పోతుంది. అందుకని పనిపాకలోకి పోయి వెతికి, మొన విరిగిన ఉలి పట్టుకుని బయటికొచ్చాడు. తన చేతి పనిలో తప్పు లేదు, ఇంట్లో ఆడది ఉలి ముట్టిందన్నాడు. మర్నాటికి కులపెద్దలు మా అరుగు మీదికొచ్చి కూర్చున్నారు.

“ఎవరు ముట్టిన్రో సాఫ్‌సీదా చెప్పుండ్రి. ముట్టినామె ఈ ఇంట్ల ఉండొద్దు” అన్నాడు వాళ్ళలో పెద్దాయన. నేను తలుపు వెనక ఉన్నాను. ఉలి ముట్టి మొగుడికి కీడు తెచ్చిందన్న పేరుతో వనపర్తికి పంపితే నా వెనక ఇంకా ముగ్గురు చెల్లెళ్ళున్నారు, వాళ్ళ గతేమిటి? చెప్తుంది, ఇప్పుడే నా పేరు చెప్తుంది, ఇన్నాళ్ళూ ఇందుకే కాచుకుంది అనుకున్నాను. ఆడబిడ్డ జొన్నల గుమ్మిలో చెయ్యి పెట్టి, నా పిట్టను తీసుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, అరుగు మీద పెద్దల ముందు పెట్టింది. “నేనే ముట్టిన. ఇగో, గుర్తు” అంది.

పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆయన భార్య మా ఇంటికొచ్చి విసిరిన మనిషే, చిలుకల సంగతి ఆయనకూ తెలుసు. “నాలుగు గంత సక్కగ చేసినదానివి, గిదేందమ్మా గిట్ల చేసినవ్?” అన్నాడు. ఆమె మొహం ఎర్రబడింది. అంతమంది మధ్య ఉలి ముట్టానని చెప్పినప్పుడు తలెత్తే ఉన్న మనిషి, ఈ మాటకు తల దించుకుంది. “చెయ్యి తప్పింది” అంది. పెద్దాయన పక్కవాళ్ళకు పిట్టను చూపించి, “చూస్తున్నరు గద, ఉలి ముట్టంగనే చేతిలున్న పని గూడ పాయె” అన్నాడు. అందరూ తలలూపారు. తుమ్మ ముక్క మీద నేను చేసిన వెధవ పని, ఆడవాళ్ళ చేతికి ఉలి పనికిరాదనడానికి సాక్ష్యమయింది. వాళ్ళలో ఒక్కడికీ అది ఆమె చేతిపని కాదని తట్టలేదు. పుట్టిన దగ్గర్నుంచీ కర్రతో బతికిన మగవాళ్ళు.

చచ్చిపోయిన మొగుడి తరఫు వాళ్ళు తిమ్మాజిపేట దగ్గర ఉంటే అక్కడికి ఆమెను పంపేశారు. వాళ్ళకు ఆమె అక్కర్లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. బండి కట్టాక నాలుగు రొట్టెలు మూటగట్టి తీసుకుపోయి, “ఎందుకు చేసినవ్ వదినే” అన్నాను. రొట్టె తుంచి చూసి, “ఇప్పటికీ మందమే” అంది. తర్వాత నా మొహంలోకి చూసి, “నీ కోసమని మురువకు. నాకే ఈ ఇల్లు విసుగొచ్చింది. గంత ఆగమాగం పిట్టను నాదని పదిమందిల చెప్పుకోవలసొచ్చె, గదొక్కటే నా ఏడుపు” అంది. పిట్ట ఆమె రొంటిన ఉంది. బండి కదిలింది. చిలుకల్ని మా ఇంటాయన నీళ్ళపొయ్యిలో పెట్టాడు. ఆ నీళ్ళతోనే స్నానం చేసి, పూజకు కూర్చున్నాడు. ఆయనతో నలభై ఏళ్ళు కాపురం చేశాను, పిల్లల్ని కన్నాను, ఆ స్నానాన్ని మాత్రం క్షమించలేదు.

ఆమె మీద కూడా నా కోపం తీరలేదు. హాయిగా ద్వేషించుకుంటూ బతికేదాన్ని, అది కూడా లేకుండా చేసి పోయింది. పదేళ్ళ తర్వాత ఆమె పోయిందని కబురొస్తే వెళ్ళాం. వెనకింట్లో ఇసుర్రాయి చుట్టూ మళ్ళీ నాలుగు చిలుకలు, రంగులు కూడా వేసింది. ఆ ఇంటి ఆడవాళ్ళు ఆ వారం కూడా వాటితో విసిరామని ఏడుస్తూ చెప్పారు. ఒక వైపు ఐదో గుంజ ఉంది, దాని మీద నా పిట్ట. ఒక్క గీత కూడా సరిదిద్దలేదు. ఆమె రెండు నిమిషాలు కత్తిపీట మీద కూర్చుంటే మెడ వచ్చేది. నన్ను దెప్పడానికి అట్లా ఉంచిందో, మరెందుకుంచిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. పిడి పట్టుకుని ఒక్కదాన్నే తిప్పి చూశాను. చిలుకలు తడబడ్డాయి. పిట్టను తీసి రొంటిన దోపుకున్నాను.

ప్రదర్శన నుంచి ఇంటికొచ్చాక పెట్టె అడుగు నుంచి దాన్ని తీసి మనవరాలి చేతిలో పెట్టాను. అది వెలుగులోకి పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. “ఏంటి నానమ్మా ఇది, పిట్టా, ఎలుకా?” అంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. “పిట్టే. ఉలితో నేనే చేశాను” అన్నాను. ఆ మాట అరుగు మీద చెప్పాల్సింది. అరుగు లేదు, అడిగినవాళ్ళు లేరు, ఆమె లేదు. నోరు విప్పినా నాకు ఏ నష్టమూ రాని రోజు దాకా ఆగి, కాలం ఇప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది.