ఎగిరిన గోంగూర

ఇవాళ ఏలూరు చేపల మార్కెట్లో తొట్టిలోంచి ఒక కొర్రమీను ఎగిరి, నా కొత్త ప్యాంటు మీద కొల్లేటి బురదతో సంతకం పెట్టింది. ఆ వాసనకి భీమడోలులో మా వీధి వీధంతా కళ్ల ముందుకొచ్చేసింది.

మన టెన్త్ బ్యాచ్ వాళ్లకి గుర్తుందా, పంచాయతీ ఆఫీసులో పింఛను ఇచ్చే రోజు? మా మామ్మ వేలిముద్ర వేసి, ఆ డబ్బుతో బతికున్న కొర్రమీను కొనేది. వితంతు పింఛను తీసుకునే మనిషి సంచిలో అంత చేప కనబడితే వీధి ఆరోగ్యానికి మంచిది కాదు కాబట్టి, పైన గోంగూర కట్టలు కప్పేది. గోంగూర ఊరుకుంటుంది. కొర్రమీను ఊరుకోదు కదండీ.

"ఏవండీ మామ్మగారూ, మీ గోంగూర ఎగురుతోందేంటండీ?" అన్నారు అరుగు మీద కూర్చున్న ఎదురింటి పిన్నిగారు. ఆ మర్యాద చూడండి! "గవర్నమెంటోళ్లు పింఛనిచ్చేది కొర్రమీను పులుసుకా అండీ?"

"తినాలనిపించిందమ్మా," అంది మామ్మ, దొంగతనం ఒప్పుకున్నట్టు.

వీధంతా నవ్వింది. మామ్మ మళ్లీ చేప కొనలేదు. అడిగితే, "నాకా నీచు వాసన పడట్లేదురా" అనేది. పక్కింట్లో పులుసు కాగుతుంటే మాత్రం పెరట్లోకి వెళ్లి ఊరికే నిలబడేది.

అందుకే ఇవాళ, నా జీతంతో, మా వీధిలో అందరికీ కనబడేలా కొర్రమీను పట్టుకొచ్చాను. అమ్మ మామిడికాయ వేసి పులుసు పెట్టింది. మామ్మ ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి ఆగిపోయింది.

"వీధి తలుపు వేశావా నాన్నా?"

లేచి వెళ్లి వేసొచ్చాను.