బూరపేట స్టాపు ఎదురుగా సున్నా

2019 వేసవిలో నన్ను శ్రీకాకుళంలో ఏర్పాటైన ఒక అధ్యయన బృందానికి డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి బస్సు సంస్థలో నా సర్వీసు ముప్పై రెండేళ్ళు. విజయనగరంలో కండక్టరుగా చేరి, కంట్రోలరుగా, ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, అసిస్టెంట్ మేనేజరు హోదాకు వచ్చాను. పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయి.

బృందానికి అప్పగించిన ప్రశ్న ఇది. శ్రీకాకుళానికి రైలు స్టేషను ఊళ్ళో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడినుంచి ఊళ్ళోకి లైట్ రైలు వేయాలా, లేక బస్సులనే పెంచి వాటికి రోడ్డులో ప్రత్యేకంగా ఒక వరస కేటాయించాలా? లైట్ రైలు అంటే రోడ్డు మధ్యన పట్టాల మీద కరెంటుతో నడిచే రెండు మూడు పెట్టెల చిన్న రైలు. అది దూరం దూరంగా ఉన్న స్టేషన్లలోనే ఆగుతుంది. జనం ఒకటి రెండు చోట్ల గుంపుగా ఎక్కితే రైలు సరిపోతుంది. దారి పొడవునా నలుగురైదుగురు చొప్పున ఎక్కితే బస్సే మేలు. కాబట్టి ఎంతమంది తిరుగుతున్నారన్నది ఒక్కటే చాలదు, ఎక్కడ ఎక్కుతున్నారో కూడా తేలాలి. ఆ వివరాలను పరిశీలించి, సరైనవేనని ధ్రువీకరించి సంతకం చేయడం నా పని.

కన్సల్టెంటు సంస్థ నుంచి వచ్చిన ఇంజనీరు ముప్పై దాటని అమ్మాయి, పనిమంతురాలు. కండక్టర్ల టిక్కెట్ మెషిన్లలో ఉన్న సమాచారమంతా దింపి, స్టాపులవారీగా పట్టిక వేసింది. ఎక్కినవాళ్ళంతా రెండు కొసల్లోనే కనిపించారు. మధ్య స్టాపుల ఎదురుగా దాదాపు అన్నీ సున్నాలు. బూరపేట ఎదురుగా కూడా సున్నా.

"మధ్యలో డిమాండే లేదు సార్. రైలుకి ఇంతకంటే మంచి దారి దొరకదు" అంది.

ఆ సున్నా ఎలా పుట్టిందో నాకు చూడగానే తెలిసింది. ఒక్కో స్టేజీ, అంటే ఛార్జీ లెక్కకు పెట్టుకున్న స్టాపు, దాటగానే కండక్టరు మెషిన్‌లో బటన్ నొక్కి స్టేజీ మార్చాలి. ఎక్కినవాళ్ళకు ఆ తర్వాతే టిక్కెట్టు కొట్టాలి. కానీ మా వైపు తెల్లవారుజాము బస్సుల్లో ఎక్కేవాళ్ళంతా రోజువారీ మనుషులు. ఏ స్టాపులో ఎందరు ఎక్కుతారో కండక్టరుకు తెలుసు. అందుకని, దారిలో ఆలస్యం కాకుండా, ఆమదాలవలసలోనే వాళ్ళందరికీ టిక్కెట్లు కొట్టేసి, చొక్కా జేబులో పెట్టుకుని, మెట్టెక్కుతుండగానే చేతిలో పెడతాడు. ఊళ్ళోకి ఎక్కడ ఎక్కినా ఛార్జీ ఒకటే గనక ఎవరికీ నష్టం లేదు, దారిలో తనిఖీ జరిగినా టిక్కెట్టు లేని మనిషి దొరకడు. మెషిన్ దృష్టిలో మాత్రం వాళ్ళందరూ ఆమదాలవలసలో ఎక్కినవాళ్ళే. ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజుల్లో కొత్త కండక్టర్లకు ఈ పద్ధతి నేర్పినవాణ్ణి నేనే.

మర్నాడు మొదటి బస్సెక్కాను. కండక్టరు అప్పలనాయుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. బూరపేటలో ఏడుగురు ఆడవాళ్ళు ఎక్కారు. ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డులు తుడిచే పని వాళ్ళది. ఆరున్నరకు గేటు దగ్గర హాజరు మూసేస్తారు, దాటితే ఆ రోజు పని లేదు. ముందు ఎక్కిన పైడితల్లికి అతను అందరికీ కలిపి ఆరు టిక్కెట్లే ఇచ్చాడు.

"ఏటిరా నాయుడూ, మడిసిని తగ్గించీసినావు?" అంది ఆమె.

"సూరమ్మకి జరవని నిన్న నువ్వే సెప్పినావు గదే!"

"జరం వొస్తాది, పోతాది. పనికి ఎల్లకపోతే కూడు ఎవులు పెడతారు, నువ్వా?"

బస్సంతా నవ్వింది. అతను స్టేజీ మార్చకుండానే ఇంకో టిక్కెట్టు కొట్టి ఇచ్చాడు.

దిగాక అప్పలనాయుణ్ణి పక్కకు పిలిచి పట్టిక సంగతి చెప్పాను. అతని ముఖం మారిపోయింది. "మీరే గదా సారూ నేర్పినారు. ఇప్పుడు కాయితం మీద రాసీసినారంటే నా ఉద్యోగం ఊడిపోతాది" అన్నాడు. అది నిజమే. అప్పటికే అతని మీద ఒక శాఖాపరమైన కేసు ఉంది, రెండోది పడితే సస్పెన్షను తప్పదు.

స్టాపుల దగ్గర మనుషుల్ని పెట్టి చేత్తో లెక్కించాలని ఇంజనీరును అడిగాను, కారణం మాత్రం చెప్పలేదు. నెల పడుతుందని, నివేదిక శుక్రవారానికి వెళ్ళాలని ఆమె జవాబు. కారణం చెప్పి ఉంటే ఆమె ఆగేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

మా నాన్నగారు చర్చిలో సంఘ పెద్ద. వాక్యం వింటూ పెరిగినవాణ్ణి. చూసినదాన్ని చూసినట్టు చెప్పడమే సాక్ష్యమని ఆదివారం బడిలో పిల్లలకు ఇరవై ఏళ్ళు బోధించాను. గురువారం సాయంత్రం ఆఫీసు తలుపు వేసుకుని మోకాళ్ళూని ప్రార్థించాను. సంతకం పెట్టాలా వద్దా అని దేవుణ్ణి అడగలేదు. ఎవరికీ కీడు జరగకుండా ఈ పని గట్టెక్కించమని అడిగాను. నేను ముందే తీసుకున్న నిర్ణయానికి ఆయన ఆశీర్వాదం కోరాను. లేచి సంతకం పెట్టాను.

నివేదిక లైట్ రైలునే సిఫార్సు చేసింది. దానికి ఒక అనుబంధం ఉంది. రైలు వచ్చేదాకా, ఎవరూ ఎక్కని స్టాపులను రద్దు చేసి బస్సులను నాన్‌స్టాప్‌గా నడపాలని. రైలు ఫైలు పైకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అనుబంధం మాత్రం రెండు నెలల్లో అమలైంది. అంత పొద్దున్నే ఆ దారిలో ఆటోలు ఉండవు.

స్టాపు ఎత్తేశాక నేను బూరపేట వెళ్ళేసరికి ఏడుగురిలో ఇద్దరికే పని మిగిలింది. వాళ్ళు చీకటితో లేచి ఆమదాలవలస దాకా నడిచి బస్సెక్కుతున్నారు. పైడితల్లి పని పోయి ఇంటి దగ్గరే ఉంది. ఎవరూ ఎక్కడం లేదని కాగితం మీద సంతకం పెట్టింది నేనేనని చెప్పాను.

"నాను లేనని రాసిన బాబు మీరేనా? బాగా సూడండి బాబూ. ఉన్నానా, లేనా?"

పక్కింటావిడ అందుకుంది. "ఊరుకోయే! రైలేత్తారంట. రైలెక్కి తుడుపుకి ఎల్దువుగాని!"

పైడితల్లి నవ్వలేదు.

జరిగింది జరిగినట్టు, పద్ధతి నేర్పింది నేనేనన్న సంగతితో సహా, పైఅధికారులకు రాశాను. నాకు మెమో వచ్చింది, విచారణ జరిగింది. అప్పలనాయుడి పేరు నేను రాయలేదు. అయినా మెషిన్లు పరిశీలించి అతన్ని సస్పెండ్ చేశారు. స్టాపు గురించి అడిగితే, తాజా వివరాల్లో కూడా బూరపేటలో ఎక్కినవాళ్ళు ఎవరూ లేరని జవాబిచ్చారు. బస్సు ఆగని చోట ఎవరెక్కుతారు? నేను సంతకం పెట్టిననాటి అబద్ధం అప్పటికి నిజమైపోయింది. రిటైరయ్యాక మూడుసార్లు అర్జీ పెట్టాను. అదే జవాబు.

సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాను. క్షమాపణ దొరికిందని నమ్ముతున్నాను. బూరపేటకు బస్సు మాత్రం దొరకలేదు.

రైలా, బస్సా అన్న తీర్పు అధికారులు కూర్చున్న సమావేశంలో జరుగుతుందని అనుకుంటారు. నేను చూసినంతలో అది అంతకు చాలా ముందే, ఎవరిని ఎక్కడ లెక్కపెట్టామన్న దగ్గరే జరిగిపోతుంది. అక్కడ సంగతి తెలిసినవాడు మాట్లాడకపోతే, ఆ తర్వాత వాడు ఎంత నిజం చెప్పినా దాన్ని రాసుకోవడానికి ఏ పట్టికలోనూ గడి ఉండదు.